కుంచం అడుగున గింజలు

బుధవారం పొద్దున్న పది గంటల నలభై నిమిషాలకి కాశీవిశ్వనాథం నరసన్నపేట పోలీసు స్టేషన్ మెట్లెక్కేసరికి ఇనస్పెక్టరు నరసింగరావు ఉప్మా తింటున్నాడు. తింటే తిన్నాడు, ఎవరు వద్దన్నారు? కానీ బల్లని లాకప్పు కటకటాలకి రెండు గజాల దూరంలో వేయించుకుని, నిన్న మధ్యాహ్నం నుంచి మంచినీళ్లు తప్ప మరేమీ ఎరగని మనిషి ఎదురుగా కూర్చుని, వేళ్లు చప్పరిస్తూ తింటున్నాడు.

కాశీవిశ్వనాథం పోలీసు మనిషి కాడు. ఇరవై ఏళ్లు రైల్వే క్లెయిముల శాఖలో పని చేసి, దారిలో మాయమైన సరుకు ఏ స్టేషనుకీ ఏ స్టేషనుకీ మధ్య మాయమైందో పట్టుకోవడంలో తల నెరిసినవాడు. ఉద్యోగం వదిలి విజయనగరంలో డిటెక్టివ్ అని బోర్డు కట్టి మూడేళ్లయింది. ఇక్కడి రైతుల సంఘం వారి తంతి అందుకుని తెల్లవారుజాము బండికి బయలుదేరి వచ్చాడు.

సంగతి ఇది. నిరుడు వరదకి తొమ్మిది ఊళ్ల పంట తుడిచిపెట్టుకుపోయింది. తినడానికి దాచుకున్నవీ విత్తడానికి దాచుకున్నవీ కలిసి ఏట్లో పోయాయి. ఆ ఊళ్ల కోసం సంఘం వాళ్లు కాళ్లరిగేలా తిరిగి, సర్కారు వారి వ్యవసాయ ఫారం నుంచి రెండు వందల బస్తాల విత్తనాల ధాన్యం తెప్పించారు. యుద్ధం రోజులు, మళ్లీ అడిగితే పుట్టదు. శనివారం నాడు తిలారు రైలు స్టేషన్లో వాగను తెరిచారు, అదే రోజు సరుకు గోదాము చేరింది. మంగళవారం మధ్యాహ్నం ఒంటి గంటకి గోదాము గుమాస్తా జోగయ్య కూలిన బస్తాల కింద శవమై కనిపించాడు. గంట తిరక్కుండా ధాన్యం కొలిచే గంగుల్ని పట్టుకొచ్చి లాకప్పులో పడేశారు. ఏరువాకకి ఇంకా నాలుగు రోజులుంది. ఆ విత్తనాలు మొలవకపోతే తొమ్మిది ఊళ్లకి వచ్చే ఏడాది గంజి కూడా ఉండదు.

నరసింగరావు చెయ్యి కడుక్కుని, కేసు నిన్ననే ముగిసిపోయిందనీ, దీనికోసం విజయనగరం నుంచి రైలెక్కి రానక్కర్లేదనీ మర్యాదగానే చెప్పాడు. సోమవారం నాడు గంగులూ జోగయ్యా నలుగురిలో తగువు పడ్డారు. మర్నాడు గంగులు బస్తాల వరస తోసేశాడు. చచ్చినవాడి గుప్పిట్లో తడిగుడ్డ మూట దొరికింది, అందులో ధాన్యం ఉంది. అంటే ఇద్దరూ కలిసి సంఘం సొత్తు కాజేశారు, పంపకంలో తేడా వచ్చింది.

"దొంగలు దొంగలు కొట్టుకుంటే ఒకడు చచ్చాడు. అంతేనండి," అన్నాడు.

కాశీవిశ్వనాథం ఆ మూట చూపించమన్నాడు. జాబితాలో 'దొంగసొత్తు, ఒకటి' అని రాసి అలమరలో పడేసిన మూటని కానిస్టేబులు తెచ్చి ఇచ్చాడు. దాని ముడి ఎవరూ విప్పనే లేదు. విప్పగానే పులిసిన కంపు గుప్పుమంది. గింజలు ఉబ్బి ఉన్నాయి. ఒక్కదానికైనా తెల్లమొన రాలేదు.

"గుప్పెడు ధాన్యం దొంగిలించి తడిగుడ్డలో ఎవడు కడతాడండీ?" అన్నాడు కాశీవిశ్వనాథం. "ఇది మండె కట్టిన మూట. మొలక వస్తుందో రాదో చూద్దామని పాపం ఆ గుమాస్తా శనివారం నానబెట్టాడు. మంచి విత్తనమైతే మంగళవారానికి మొలక రావాలి. రాలేదు. ఆ మాట ఎవరినో అడిగి ఉంటాడు, చచ్చాడు."

నరసింగరావు పళ్లలో పుల్ల పెట్టుకుని, ఇదంతా నవలల్లో బాగుంటుందన్నాడు. కాశీవిశ్వనాథం అతనితో వాదించలేదు. వెళ్లి కటకటాల దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

గంగులు యాభై ఏళ్ల మనిషి. తాతల నాటి నుంచి ఆ ఇంట్లో మగవాళ్లది కుంచం పట్టే పని. తగువు దేనికొచ్చిందని అడిగితే, అది తగువే కాదన్నాడు. స్టేషన్లో నువ్వు కొలిచిన గింజా గోదాములో ఉన్న గింజా ఒకటి కాదురా అని గుమాస్తా అన్నాడట, ఒకటేనని తను ఒట్టు పెట్టాడట.

"వాగను తీసినప్పుడు నానే ఒక బస్తా ఇప్పి కొలిసినాను బాబూ. బంగారం నాటి గింజ," అన్నాడు. "గోదాముకొచ్చినాక మల్ల కొలవనేదు. గుమాస్తాబాబు బస్తాలు లెక్కెట్టుకుని సరిపోనాయన్నాడు, ఆయన సంతకం ఎట్టేసినాడు."

కాశీవిశ్వనాథానికి ఆ మాట కొత్త కాదు. ఇరవై ఏళ్లలో వెయ్యిసార్లు విన్నాడు. బస్తాలు లెక్కపెడతారు, బస్తాలో ఏముందో చూడరు. దొంగకి అంతకంటే ఏం కావాలి?

బళ్లు ఎన్నింటికి బయలుదేరాయని అడిగాడు. పొద్దున్న ఏడింటికి, ఇరవై బళ్లు. గోదాముకి ఎన్నింటికి చేరాయి? రెండింటికి. తనూ గుమాస్తా బస్సులో ముందుగా వచ్చేసి ఎదురు చూస్తూ కూర్చున్నారట. దూరం ఏడు మైళ్లు. పది బస్తాల బండి గంటకి రెండు మైళ్లు లాగుతుంది. ఎంత ఆలస్యమైనా పదకొండుకల్లా చేరాలి. మూడు గంటలు ఆ ఇరవై బళ్లూ ఎక్కడ ఆగాయి?

"ఎద్దుల మెడకి గడియారాలు కట్టలేదండీ," అన్నాడు నరసింగరావు వెనక నుంచి.

"కట్టనక్కర్లేదు, ఇనస్పెక్టరుగారూ. వాటికి దారిలో ఎవరి కళ్లం కనబడితే అక్కడ ఆగే అలవాటు లేదు. తోలేవాడు ఆపితేనే ఆగుతాయి. గంగులూ, ఆ రోజు కొలిచిన కుంచం ఎక్కడుంది?"

"గోదాము గూట్లో ఎట్టినాను బాబూ."

"ఉత్తదేనా?"

గంగులు ఆ స్థితిలో కూడా నొచ్చుకున్నాడు. "ఉత్త కుంచం గూట్లో ఎడతానేటి బాబూ? ఇంటాడది ముండమోస్తాది."

కాశీవిశ్వనాథం లేచి గోదాము తాళం అడిగాడు. నరసింగరావు తాళంచెవి బల్ల మీదికి విసిరి, అక్కడ చూడ్డానికేం మిగల్లేదన్నాడు. హత్య జరిగిన గోదాముకి సీలు వెయ్యాలి గనక, పొద్దున్న ఆరింటికే సరుకంతా బళ్ల మీద తొమ్మిది ఊళ్లకీ పంపించేశాడట. షావుకారు జగన్నాధం పుణ్యమా అని బళ్లు కూడా సమయానికి దొరికాయట.

కాశీవిశ్వనాథం తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. మొలవని ధాన్యం తొమ్మిది ఊళ్లకి వెళ్లిపోయింది. సాక్ష్యం వెళ్లిపోయింది. సంతకం పెట్టి పంపించినవాడు పళ్లు కుట్టుకుంటున్నాడు.

జగన్నాధం ఎవరని అడిగాడు. ఊళ్లో ధాన్యం మిల్లు ఆయనదే, సంఘానికి బళ్ల కాంట్రాక్టు ఆయనదే. ఇవాళ రెండు గంటలకి కలెక్టరుగారు స్వయంగా మిల్లుకి వస్తున్నారు. యుద్ధనిధికి జగన్నాధం నూరు బస్తాల బియ్యం కానుక ఇస్తున్నాడు. త్వరలో రావుసాహెబు బిరుదొస్తుందని అందరూ అనుకుంటున్నారు. బందోబస్తు తనదేనని చెప్పి నరసింగరావు మీసం సవరించుకున్నాడు.

గోదాములో అడుగు పెట్టేసరికి పదకొండుం పావు. కూలిన వరస ఉన్న చోట పగిలిన రెండు గోనెలూ కాసిని గింజలూ తప్ప ఏమీ లేవు. గుమ్మంలో లక్ష్మణమ్మ అని గోదాము ఊడ్చే మనిషి చీపురు పట్టుకుని, ఎవరు కొడతారోనన్నట్టు ఒదిగి కూర్చుంది. నిన్న ఏం చూశావని అడిగితే ఏటీ సూడనేదంది. ఎన్నింటికి ఊడ్చావంటే ఊడవనే లేదంది. నేల మీద చీపురు గీతలు చూపిస్తే ఏడుపు మొదలెట్టింది.

ఆవిడ భయం అతనికి అర్థమైంది. ఊడ్చినప్పుడు చేటలో పడ్డ గింజలు ఊడ్చినదానివే. అది ఎవరూ కాదనని పాత వాడుక. కానీ ధాన్యం కంట్రోలు వచ్చాక గింజ ఒళ్లో ఉంటే జైలు అని ఎవడో బెదిరించి ఉంటాడు. కాశీవిశ్వనాథం నోటు పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ గింజలు నీ కూలి, లక్ష్మణమ్మా. దొంగతనం కాదు. నేనేమీ రాసుకోను. చెప్పు."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. నిన్న పన్నెండింటికి, మిల్లు కూత వేసినప్పుడు, ఆ వరస కిందే తను ఊడ్చిందట. అప్పుడు వరస నిలబడే ఉంది. గుమాస్తా అక్కడ లేడు. కాసేపటికి మిల్లు నుంచి ఉత్త గోనెల బండి వచ్చింది. దించుకోవాలి, అవతలికి పొమ్మని ఆవిణ్ని తరిమేశారు. మళ్లీ వచ్చేసరికి వరస కూలి ఉంది, జనం మూగి ఉన్నారు.

"మరి ఆ గింజలు ఏం చేశావు?"

"దంపినాను బాబూ. పసుపచ్చ రంగు బియ్యం వచ్చినాయి, ఒకటే కంపు. ఉడకేసి పాడైపోయిన ధాన్యం అది. పారేద్దునా అనుకున్నాను. ఇంట్లో ఏటీ లేక వొండేసినాను. రేతిరి నుంచి పిల్లలిద్దరికీ వాంతులు."

ఛీ, ఏం మనుషులు వీళ్లు అనుకున్నాడు కాశీవిశ్వనాథం. ఉప్పుడు బియ్యం కోసం ధాన్యం నానబెట్టి ఆవిరి పట్టడం ఈ దేశంలో ఉన్నదే. ఒకసారి ఆవిరి తగిలిన గింజ అన్నానికి పనికొస్తుంది గానీ జన్మలో మొలవదు. ఇది అన్నానికి కూడా పనికిరాకుండా తొట్లో కుళ్లిపోయిన సరుకు. దాన్ని ఎండబెట్టి, అచ్చం విత్తనాల బస్తాల్లాంటి గోనెల్లో పోసి, మూతి కుట్టి, రైతు చేతిలో పెట్టారు.

గోడ గూట్లో నమూనా డబ్బా ఉంది. వచ్చిన ప్రతి సరుకులోంచీ గుమాస్తా గిద్దెడు తీసి అందులో ఉంచాలి. డబ్బా ఖాళీ, గుడ్డతో తుడిచినట్టు శుభ్రంగా ఉంది. దాని పక్కనే కుంచం, నోరు పైకి పెట్టి ఉంది. అడుగున గుప్పెడు గింజలున్నాయి.

వాకిట్లో వెలుగులోకి తెచ్చి ఒక గింజ గోటితో ఒలిచాడు. తెల్లటి బియ్యం, మొన దగ్గర మొలక కన్ను చెక్కుచెదరకుండా ఉంది. పంటి కింద పిండి అయింది. నేల మీది గింజ ఒలిచి చూశాడు. గాజుముక్కలా ఉంది, పసుపు రంగు, నోట్లో పెట్టుకుంటే పాచి వాసన. ఉమ్మేశాడు.

శనివారం ఏడింటికి స్టేషన్లో ఉన్న సరుకు కుంచంలో ఉంది. రెండింటికి గోదాములో దిగిన సరుకు నేల మీద ఉంది. మధ్యలో ఏడు మైళ్ల రోడ్డు, ఒక మిల్లు.

డబ్బా తుడిచినవాడు జానెడు దూరంలో ఉన్న కుంచాన్ని ఎందుకు వదిలేశాడు? పరాయి దేశపు దొంగైతే బోర్లించి దులిపి పోయేవాడు. వీడు దులపలేకపోయాడు. పుట్టినప్పటి నుంచి ధాన్యం మధ్య పెరిగినవాడికి, మనిషిని చంపడానికి చెయ్యి వస్తుంది గానీ కుంచం అడుగు ఖాళీ చెయ్యడానికి రాదు. లక్ష్మి పోతుందని భయం. ఆ భక్తి తలుచుకుంటే కాశీవిశ్వనాథానికి హత్య కంటే ఎక్కువ రోత పుట్టింది.

రెండు రకాల గింజలూ చిటికెడేసి రుమాలు రెండు చెంగుల్లో కట్టుకుని, కుంచాన్ని లక్ష్మణమ్మ చేతికిచ్చి సంఘం అధ్యక్షుల వారి ఇంట్లో అప్పగించమన్నాడు. అక్కడి నుంచి నేరుగా సంతకి వెళ్లి, తొమ్మిది ఊళ్ల వాళ్లలో ఎవరు కనబడినా ఆ ధాన్యం నానబెట్టొద్దని చెప్పమన్నాడు. ఆవిడ చీపురు అక్కడే పడేసి వెళ్లింది.

ఆస్పత్రిలో డాక్టరు మూడు ముక్కల్లో తేల్చేశాడు. దెబ్బ తల వెనక తగిలింది. ప్రాణం నిన్న పదింటికే పోయింది. బస్తాలు పడింది శవం మీద. కాశీవిశ్వనాథం జోగయ్య పంచె తెప్పించి అంచు వాసన చూశాడు. మోకాళ్ల దాకా తడిసి ఆరిన బురద, అదే పాచి కంపు. పోలీసు జాబితాలో దాన్ని చెమట కింద రాసుకున్నారు.

మిల్లు చేరేసరికి ఒకటీ ఇరవై. గేటుకి మామిడాకులు కట్టి, లోపల పందిరి వేశారు. పందిరి కింద బియ్యం బస్తాలు దొంతర్లు పెట్టి బంతిపూలు చుట్టారు. 'యుద్ధనిధికి షావుకారు జగన్నాధంగారి కానుక' అని గుడ్డ మీద రాసి కట్టారు. కాశీవిశ్వనాథం దానికేసి చూడకుండా వెనక వైపుకి నడిచాడు. సిమెంటు తొట్లు మూడు, అడుగున నల్లటి నీళ్లు, ఈగలు. ముక్కు మూసుకున్నా ఆగని కంపు.

మర ఆడుతోంది. దాని పక్కన ఉత్త గోనెల గుట్ట, ప్రతి గోనె మీదా సర్కారు ఫారం ముద్ర ఉంది. కూలీ ఒకడు కొత్త బస్తా మూతి విప్పుతున్నాడు. కాశీవిశ్వనాథం వెళ్లి బెల్టు తప్పించే కర్రని లాగేశాడు. మర ఆగిపోయింది. మూతి విప్పని బస్తాలు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. పదకొండు. రెండు వందల్లో నూట ఎనభై తొమ్మిది బియ్యమైపోయి, పూలు చుట్టుకుని పందిట్లో కూర్చున్నాయి. బియ్యాన్ని మళ్లీ విత్తనం చెయ్యడం దేవుడి వల్ల కూడా కాదు. అతను వెళ్లి ఆ పదకొండు బస్తాల మీద కూర్చున్నాడు.

జగన్నాధం పట్టు కండువా వేసుకుని వచ్చాడు. కోపం లేదు, కంగారు లేదు. పంతులుగారికి మజ్జిగ తెమ్మని కేకేశాడు. కాశీవిశ్వనాథం వద్దన్నాక ఎదురుగా నిలబడి, దాచకుండానే చెప్పాడు. బాయిలరు చెడిపోయి, ఆవిరి సగం పట్టిన ధాన్యం తొట్లలో వారం రోజులు మురిగిపోయిందట. కలెక్టరుగారికేమో నూరు బస్తాలని అప్పటికే మాట ఇచ్చేశాడట.

"మాట ఇచ్చినాక తప్పుతామేటి బాబూ? మా వంశంలోనే నేదు," అన్నాడు. "ఇత్తనాలంటారా, మరోసోట దొరుకుతాయి. బిరుదు మరోసారి దొరుకుతాదా?"

"జోగయ్యో?"

"మంచోడే పాపం. తడిగుడ్డ మూట పట్టుకొచ్చి, తొట్లో దిగి సూసి, అరిసినాడు. అరవకండా ఉంటే బతికీవోడు."

ఇంతలో నరసింగరావు ఇద్దరు కానిస్టేబుళ్లతో బందోబస్తుకి వచ్చాడు. కాశీవిశ్వనాథం లేవలేదు. రుమాలు విప్పి, ఒక అరచేతిలో కుంచంలోని గింజలూ మరో అరచేతిలో గోదాము నేల మీది గింజలూ పెట్టి చాపాడు. కొరికి చూడమన్నాడు. నరసింగరావు విసుగ్గా ఒకటి కొరికాడు, రెండోది కొరికాడు. రెండోది ఉమ్మేసి, నోరు తుడుచుకున్నాడు.

"పొద్దున్న బళ్ల మీదెల్లినాయి ఇవేనా?" అన్నాడు. ఇంతసేపూ మాట్లాడిన కచేరీ భాష ఎటుపోయిందో పోయింది.

"ఇవే."

"మొదటి బండి మా ఊరికే తోలించినాను. మా అయ్యకి అందరికంటే ముందు అందాలని. ఈపాటికి నానబోసేసుంటాడు."

కాశీవిశ్వనాథానికి పొద్దుటి నుంచి మొదటిసారి ఆ మనిషి మీద జాలి కలిగింది. ఇప్పటికైనా మించిపోయిందేమీ లేదనీ, దొంగ ఎదురుగా ఉన్నాడనీ, సంకెళ్లు వేసి కలెక్టరు ముందే నిలబెట్టమనీ చెప్పాడు. గంగుల్ని వదిలిపెట్టి, ఈ మిగిలినవి తొమ్మిది ఊళ్లకీ అతనిచేతే కొలిపిద్దామన్నాడు. తలా కాసిని వచ్చినా, ఊరికో మడి నారైనా నిలుస్తుందన్నాడు.

జగన్నాధం చిన్నగా దగ్గాడు. "పంపించమని సంతకం ఎవులిది బాబూ?" అన్నాడు. "నాది కాదు గదా."

నరసింగరావు కాశీవిశ్వనాథం కూర్చున్న బస్తాల వైపు చూసి, వేలితో ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. అతని పెదవులు కదలడం కాశీవిశ్వనాథానికి కనిపించింది.

"మా ఊరికి పది సాలు," అన్నాడు. "ఒకటి మిగుల్తాది."

కాశీవిశ్వనాథానికి తను విన్నది నమ్మబుద్ధి కాలేదు. "మిగతా ఎనిమిది ఊళ్లో?" అని అడిగాడు.

నరసింగరావు చేతి గడియారం చూసుకున్నాడు. గొంతు మళ్లీ స్టేషన్లో విన్న గొంతే. "కలెక్టరుగారొచ్చే వేళైంది. ఈ పెద్దమనిషిని తొట్ల వెనక గదిలో కూర్చోబెట్టండి. ఈ బస్తాలు మిల్లు బండిలో వేసి మా ఊరికి తోలించండి," అన్నాడు కానిస్టేబుళ్లతో.

కాశీవిశ్వనాథాన్ని లేవదీయడానికి ఇద్దరూ చాలలేదు, మిల్లు కూలీలు వచ్చి చెయ్యి వేశారు. గదిలోకి నెట్టేటప్పుడు తలుపు సందులోంచి అతనికి బస్తాలు ఒక్కొక్కటే వెళ్లడం కనిపించింది. పదకొండోది గుమ్మం దాటేసరికి గేటు దగ్గర కలెక్టరు కారు హారను మోగింది. జగన్నాధం తలుపుకి బయట గడియ పెట్టి, కండువా సర్దుకుని, దండ తెమ్మన్నాడు.